తీగల మాస్టారి నోటిముడి

టెన్నిస్ పోటీలు జరిగేచోట ఆటగత్తెల గుట్టు తెలిసేది డాక్టరుకు కాదు, కోచ్‌కు కాదు, కట్టుకున్న మొగుడికి అసలే కాదు. రాకెట్లకు తీగలు బిగించేవాడికి. మన తీగల మాస్టారు ఒకసారి తెగిన తీగను చెవి దగ్గర మీటి, "ఈవిడకి కుడివైపు దవడ పన్ను పుచ్చింది" అన్నాడట. మర్నాడే పీకించుకుందట. పన్ను మాట దేవుడెరుగు గానీ భుజాలు, మోచేతుల సంగతి మాత్రం ఆయనకు కొట్టిన పిండి.

స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది ఆయనది. బిగింపు యంత్రం, గోడకు వేలాడే రాకెట్లు, ప్రతిదానికీ ఎన్ని పౌన్ల బిగింపో రాసిన చీటీ. బిగింపు బాగా తగ్గించమన్నారంటే చెయ్యి నొస్తోందని లెక్క; వదులు తీగలు చేతికి దెబ్బ తగలనివ్వవు. పని నేర్పిన గురువు మొదటిరోజే చెప్పాడు: "తీగలకి ముళ్ళెలాగూ వేస్తావు. ఒకటి నీ నోటికీ వేసుకో. ఒకరి బిగింపు ఇంకొకరికి చెప్పినవాడు ఈ పనికి పనికిరాడు." ముప్పయ్యేళ్ళుగా ఆ ముడి జారలేదు. "పెళ్ళైన కొత్తలో ఈయనకి నోరున్నట్టే గుర్తు" అని ఇంటావిడ దెప్పేది.

ఆవేళ మహిళల డబుల్స్ సెమీఫైనల్. మాస్టారి చెల్లెలి కూతురు ఆడుతోంది. డబుల్స్‌లో జోడీ కుదరడం పెళ్ళి కుదరడంకన్నా కష్టం. మేనకోడలికి ఈ ఏడాదిలో ముగ్గురు తప్పుకున్నారు. నాలుగో ఆవిడ, కళ్ళద్దాల పిల్ల, ముందే తేల్చేసింది: "ఇవాళ గెలిస్తే ఏడాదంతా కలిసి ఆడదాం. ఓడితే అప్పుడు ఆలోచిద్దాం." ఆ ఆలోచన ఎటు పోతుందో తెలియనంత అమాయకులు ఇంట్లో ఎవరూ లేరు.

పొద్దున్నే అవతలి జట్టు పొడుగమ్మ గదిలోకి వచ్చింది. తాటిచెట్టంత మనిషి. నెత్తి మీదికొచ్చిన బంతిని ఆవిడ దంచితే కోర్టులో గుంట పడి నీళ్ళూరతాయని చెప్పుకునేవారు. అలాంటి మనిషి తలుపు దగ్గరగా వేసి, మూడు రాకెట్లు బల్లమీద పెట్టింది.

"మాస్టారూ, ఎనిమిది పౌన్లు తగ్గించండి."

"ఎనిమిదా! అమ్మా, అది రాకెట్టా, దోమలవలా?"

ఆవిడ నవ్వబోయి కుడి భుజం పట్టుకుంది. "చెయ్యి పైకి లేవట్లేదు. నా జోడీకి కూడా తెలీదు. మీరు మాత్రం…"

"ఈ గదిలో మాట ఈ గదిలోనే, తల్లీ" అన్నాడు మాస్టారు. అన్నాక గాని గుర్తుకు రాలేదు, ఆవిడ ఆడబోయేది తన మేనకోడలి మీదని.

మధ్యాహ్నం చెల్లెలి పక్కన కూర్చుని ఆట చూశాడు. చూడటమా అది, ముళ్ళమీద కూర్చోవడం. పొడుగమ్మ సర్వీసు నెమ్మదిగా, మెలితిరిగి పడుతోంది. "అబ్బ, ఏం తెలివండీ! కావాలనే వేగం తగ్గించింది!" అని మైకులో మెచ్చుకుంటున్నారు. మేనకోడలు, కళ్ళద్దాల పిల్ల బంతిని ఒక్కసారైనా ఎత్తుగా లేపటం లేదు. పొడుగమ్మ నెత్తి మీదికి బంతి ఎత్తడమంటే పులి నోట్లో తల పెట్టడమేనని ఊరంతా ఎరుగును మరి. ఆ పులికి కోరలూడాయని తెలిసినవాడు ఒక్కడే. వాడి నోటికేమో ముడి.

చెరో సెట్టూ గెలిచారు. ఇక పది పాయింట్ల తాడోపేడో. మేనకోడలు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఇటు చూసింది. మాస్టారి తల దానంతటదే ఆకాశంవైపు లేచింది.

"పైకేం చూస్తున్నావన్నయ్యా?" అంది చెల్లెలు.

"మబ్బు."

"మబ్బెక్కడ? ఎండకి మాడు పగుల్తుంటేనూ!"

తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తలేదు. చప్పట్లు అవతలివైపు మోగినప్పుడే ఫలితం తెలిసింది: పది, ఎనిమిది. ఒక్క ఎత్తు బంతి, పోనీ రెండు!

చేతులు కలిపేటప్పుడు పొడుగమ్మ ఎడమచెయ్యి ఇచ్చింది. మేనకోడలు ఆ చేతివంక చూసి, తర్వాత జనంలో మావయ్యవంక చూసింది.

అరగంటలో గదిలో ఉంది. "మావయ్యా, ఎన్ని పౌన్లు తగ్గించింది?"

మాస్టారు సూదిలాంటి ఆర పట్టుకుని రాకెట్ రంధ్రాలు సరిచేస్తున్నాడు.

"నీకు పొద్దున్నే తెలుసు."

రంధ్రాలు ఎంత సరిచేసినా తరగటం లేదు.

"సొంత మేనకోడలినే! బండరాయైనా ఇంతకంటే మాట్లాడుతుంది." కళ్ళు తుడుచుకుని, తన రాకెట్ యంత్రం మీద పెట్టింది. "నాది ఆరు తగ్గించు. మోచెయ్యి మూడు వారాలుగా లాగేస్తోంది. చివరి నాలుగు బంతులూ అందుకే వలకి తగిలాయి. అమ్మకి చెప్పకు. నా జోడీకి అసలు చెప్పకు, తెలిస్తే ఇప్పుడే వదిలేస్తుంది. నువ్వెలాగూ చెప్పవులే" అని వెళ్ళిపోయింది.

నిలువు తీగలు పూర్తయి అడ్డం తీగలు మొదలెట్టాడో లేదో, కళ్ళద్దాల పిల్ల వచ్చింది. మాస్టారు గబుక్కున యంత్రం అంకె మీద తువ్వాలు పడేశాడు.

"మాస్టారూ, ఒక్కటే అడుగుతాను. దాని చేతికేమైనా అయిందా?"

"దాన్నే అడక్కపోయావా అమ్మా?"

"అడిగాను. భేషుగ్గా ఉందంది. మరి ఆ నాలుగు బంతులేమిటి? నొప్పైతే మూడు నెలలైనా ఆగుతానండీ, దాని ఆటంటే నాకిష్టం. నొప్పి లేకుండా అలా వదిలేసిందంటే నాతో ఆడే మనసు లేనట్టేగా."

ఒక్క మాట. దాంతో ఈ పిల్ల ఆగిపోతుంది, ఆ పిల్ల బతికిపోతుంది. మాస్టారు నోరు తెరిచాడు కూడా.

"నీ రాకెట్… ఎంత బిగించమంటావమ్మా?"

ఆ అమ్మాయి కాసేపు ఆయన మొహంలోకి చూసి, "ఎప్పటిలాగే" అంది. "వేరే ఆవిడ అడుగుతోంది. రాత్రికి సరేనని చెప్పేస్తాను. నేనిలా వచ్చానని దానికి చెప్పకండి, నా మీద జాలిపడుతుంది."

తలుపు మూసుకుంది. తువ్వాలు కింద నలభై ఎనిమిది పౌన్లు లాగి యంత్రం కీచుమంది. అడ్డం తీగలు ఇంకా ఏడున్నాయి. ఫోను మోగింది.

"మావయ్యా, అయిందా? రేపు పొద్దున్నే దాంతో ప్రాక్టీసు. ఓడినా ఏమీ అనలేదు తెలుసా, మంచిదే పాపం! ఈసారి నిలుస్తుంది మావయ్యా."

"అయిపోవచ్చిందమ్మా" అన్నాడు మాస్టారు. "వచ్చి పట్టుకెళ్ళు."