మరిగే రసానికి తగిన పంపు

ఫిలిప్పీన్స్‌లోని బాగియో కొండ మీద ఫెలీసా ఇంట్లో బీరు కాచే రోజంటే వీధి మొత్తానికి తెలిసిపోయేది. బార్లీ ఉడికే తీపి వాసన వాలు దిగి, జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండ్ల స్టాండు దాకా పోయేది. కాచడం సరదాయే గానీ, మరిగే బార్లీ రసాన్ని ఒక కుండలోంచి మరో కుండలోకి మార్చడమే ప్రాణాంతకం. ఆమె మొగుడు డియోనీ బతుకంతా జీప్నీ నడిపి నడుం అరగదీసుకున్న మనిషి. మగ్గుతో తోడి పోస్తూ ఒకసారి పాదం కాల్చుకున్నాడు.

ఆ కోపంలో వెళ్ళి చేపల తొట్టిలో పెట్టే చిన్న పంపు కొనుక్కొచ్చాడు. వేడి తగలగానే దాని మూతి మెత్తబడి పక్కకి వాలిపోయింది. ఆ కాపంతా ప్లాస్టిక్ కంపు.

"మేనకోడలి పెళ్ళికి బీరు మనదేనని మాటిచ్చాను. చుట్టాల చేత బకెట్ వాసన తాగించమంటావా? ఈసారి పంపు నేను కొంటా," అంది ఫెలీసా.

పొద్దున్నే పెద్ద ఫ్లాస్కు నిండా మరిగే నీళ్ళు పోసుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని బజారులో ఎస్తెబాన్ పంపుల కొట్టుకి వెళ్ళింది. అతను నీలం రంగు ప్లాస్టిక్ పంపొకటి ముందు పెట్టాడు.

"తోటకైనా, ట్యాంకుకైనా ఇదే రాజు అక్కా!"

"మరిగే నీళ్ళకో?"

"భేషుగ్గా!"

"అయితే ఓ గిన్నె ఇలా పడేయ్."

పంపుని గిన్నెలో పెట్టి వేడి నీళ్ళు గుమ్మరించింది. ఎస్తెబాన్ వంగి వాసన చూసి, ముక్కు చిట్లించి దాన్ని తీసి బల్ల కింద పెట్టేశాడు. రెండోది స్టీలుదే కానీ లోపలి రబ్బరు మామూలుది. వేడికి ఉబ్బి కారడం మొదలెట్టింది. ఈలోగా జనం మూగారు. ఫ్లాస్కు ఖాళీ అయితే పక్కనున్న నూడుల్స్ అంగడావిడ తన కెటిల్ పట్టుకుని పరుగున వచ్చింది.

"కానివ్వండి, ఇంకా ఉన్నాయి!"

మూడోదాని తల స్టీలు, లోపలి రబ్బరు వేడికి ఓర్చే సిలికాన్. లోపలి చక్రాన్ని బయటి నుంచే తిప్పేది అయస్కాంతం, ఇరుసుకి రంధ్రం అక్కర్లేదు కాబట్టి కారడానికి సందే లేదు. మరిగే నీటిని మించిన వేడికీ తట్టుకుంటుందని దాని మీదే అచ్చేసి ఉంది. ఫెలీసా వదల్లేదు. కెటిల్ నీళ్ళు దాని గుండా పారించి, చల్లార్చి ఓ గుక్క తాగింది.

"వాసన లేదు. ఇదే!"

జనం చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి బార్లీ కాచి, కుండకి గొట్టం తగిలించి స్విచ్చేస్తే పంపు గుర్రుమంది తప్ప చుక్క రాలేదు. డియోనీ మొహం వెలిగిపోయింది. "నా పంపు నయం! చచ్చేముందు కాస్త తోడింది!"

ఫెలీసా నడుం మీద చేతులేసుకుని గొట్టం పొడుగునా చూసింది. పంపు కుండ కన్నా ఎత్తున, అలమార మీద కూర్చుని ఉంది.

"ఇది పీల్చుకునే రకం కాదయ్యా. రసం తనంతట తాను దిగి దీని కడుపు నింపాలి. కింద పెట్టు."

కుండ కుళాయికి దిగువన ఇటుక మీద పెట్టి, ముందు కుళాయి తిప్పి, ఆ తర్వాత స్విచ్చేశారు. గొట్టంలో బుడగలు గడగడలాడాయి. ఆ వెనకే తేనెరంగు రసం ఉరుకుతూ వచ్చి రెండో కుండలో దూకింది. డియోనీ నడుం నొప్పి మరిచి వంటింట్లోనే చిందేశాడు.

పెళ్ళిలో పీపాలు సాయంత్రానికే ఖాళీ. "పంపు ఎంచింది నేనే," అని డియోనీ ప్రతి బల్ల దగ్గరా చెప్పుకుంటుంటే, ఫెలీసా పగలబడి నవ్వి అతని చెయ్యి పట్టుకుని డాన్సుకి లాక్కుపోయింది.