తుప్పు చేతులు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ఐదుగురు మనుషులు, ఒక కుక్క. తాత హాల్వర్, అమ్మమ్మ ఓపల్, తాత స్నేహితులు వెండెల్, లెస్టర్, పదిహేనేళ్ళ జోలీన్, పొయ్యి పక్కన ఒళ్ళు మరిచి నిద్రపోతున్న చెవిటి బస్టర్. తర్వాత జోలీన్ ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకుందో చెప్పలేం. ఎటునుంచి లెక్కపెట్టినా తప్పు చేసింది ఒక్కతే అని తేలేది.

నవంబరు నెల. మొంటానా గోధుమ పొలాల మీద మంచు పడటం మొదలైంది. పొలం పనులు అయిపోయాక నెలకో ఆదివారం ఆ ముగ్గురు ముసలివాళ్ళూ హాల్వర్ ఇంట్లో చేరేవారు. అమ్మమ్మ ఆపిల్ ‘పై’ అనే తీపి వంటకం చేసేది, జోలీన్ కాఫీ పోసేది, తాత తన రివాల్వర్లు చూపించేవాడు. ఆయన దగ్గర పొడుగు గొట్టాల మాగ్నమ్‌లు ఐదున్నాయి. అన్నీ పాతవే. వాటితో ఆయన ఏనాడూ ఒక్క గుండు పేల్చలేదు. పేల్చడానికి వేరే తుపాకులున్నాయి. ఇవి చూసుకోవడానికి.

ఐదింటిలోకి పెద్దది 1936 నాటిది. కొనేవాడి పేరు, కావలసిన కొలత అడిగి, ఒక్కొక్కటిగా తయారుచేసి, నంబరు వేసి, పేరు రాసిన పత్రంతో సహా పంపించే రోజులవి. గొట్టం ఎనిమిదిముప్పావు అంగుళాలు. డెన్వర్‌లో ఎవరో పళ్ళ డాక్టరు చేయించుకున్నాడట. ఆయన పోయాక రివాల్వర్ ఒక ఊరికి, పత్రం మరో ఊరికి చేరితే, తాత పదకొండేళ్ళు ఉత్తరాలు రాసి రెండింటినీ ఒక పెట్టెలోకి తెచ్చాడు. దాని ఉక్కుకు పెట్టిన నీలం రంగు అలాంటిలాంటి నీలం కాదు. పొద్దు గుంకాక తూర్పున కాసేపు నిలిచే నీలం. యాభై ఏళ్ళు కావస్తున్నా దానికి ఎవరూ మళ్ళీ రంగు పెట్టించలేదు. మళ్ళీ రంగు పెట్టించినదాన్ని ఇలా తుపాకులు సేకరించేవాళ్ళు శవానికి చేసిన సింగారంలా చూస్తారు.

చూడటానికి కూడా ఒక మర్యాద ఉంది. అడక్కుండా ముట్టుకోకూడదు. గుళ్ళ చక్రం పక్కకు తెరిచి, ఖాళీ అని చూపించి ఇవ్వాలి. పిడి తప్ప ఇనుము మీద వేలు పడకూడదు. పడితే నూనె గుడ్డతో తుడిచి మరీ తిరిగివ్వాలి.

వెండెల్ అసలు ముట్టుకునేవాడే కాదు. ఆయనవి తుప్పు చేతులు. కొందరి చెమటలో ఏముంటుందో ఏమో, వాళ్ళ వేలు తగిలిన ఇనుము మీద వారం తిరిగేసరికి గోధుమరంగు ముద్ర లేస్తుంది. ఒకప్పుడు ఆయన దగ్గరా నాలుగు రివాల్వర్లుండేవి. తన చేతులే వాటిని తినేస్తున్నాయని అమ్మేసుకున్నాడు. ఇప్పుడు నూలు గ్లౌజులు తొడుక్కుని స్కూలు బస్సు నడుపుతున్నాడు. హాల్వర్ ఇంటికి వస్తే ఆ చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బల్ల మీదికి వంగి చూసేవాడు.

“నువ్వు కళ్ళతోనే నమిలేస్తున్నావురా,” అనేవాడు లెస్టర్. ఊళ్ళో మంగలి ఆయన. నోరు, కత్తెర రెండూ ఊరుకోవు.

“నమలడానికి నాకు పళ్ళేవిరా,” అనేవాడు వెండెల్.

ఆ ఆదివారం కూడా ఆ మాటలే అయ్యాయి, ఆ నవ్వులే నవ్వారు. తాత పెట్టె మూత ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

గొట్టానికి ఒకవైపు వరుసగా నాలుగు మచ్చలు. రెండోవైపు ఒకటి. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు. తాత గుడ్డతో తుడిచాడు. పోలేదు. గోటితో రాశాడు. గరుకుగా చప్పుడైంది.

“పోయిన నెల మీకు చూపించి పెట్టేశాక నేను దీన్ని తెరవలేదు,” అన్నాడు.

“పోయిన నెల నేను రాలేదు సుమా. మా చెల్లెలింట్లో ఉన్నాను,” అన్నాడు లెస్టర్.

తాత వెండెల్ వైపు తిరిగాడు. “ఫోనొస్తే నేను వంటింట్లోకి వెళ్ళాను. ఐదు నిమిషాలు. ఇక్కడ నువ్వొక్కడివే ఉన్నావు.”

“ఉన్నాను. ముట్టుకోలేదు.”

“ఇరవై ఏళ్ళుగా చూస్తున్నావు. ఒక్కసారి పట్టుకోవాలనిపించి ఉంటుంది. అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా.”

“అనిపించింది. ఇరవై ఏళ్ళుగా అనిపిస్తూనే ఉంది. పట్టుకోలేదు.”

“మరి ఇవేంటి?”

వెండెల్ ఎప్పట్లాగే చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. “కళ్ళజోడు పెట్టుకుని చూడు హాల్వర్,” అన్నాడు.

“చూడటానికేముంది? ఈ ఊళ్ళో తుప్పు చేతులు ఎవరివో అందరికీ తెలుసు.”

వెండెల్ తలెత్తాడు. జోలీన్ కాఫీ కెటిల్ పట్టుకుని బల్ల దగ్గరే నిలబడి ఉంది. ఆయన చూపు ఆమె ముఖం మీద కాదు, కెటిల్ చుట్టూ ఉన్న వేళ్ళ మీద ఆగింది. గొట్టం మీది మచ్చలు సన్నవి. ఆ వేళ్ళూ సన్నవే. ఆయనకు తెలిసిపోయిందని ఆమెకు తెలిసింది. ఆమె ఏదైనా అంటుందేమోనని, ఒక గుక్క కాఫీ తాగేంతసేపు అలాగే చూశాడు. జోలీన్ కెటిల్‌ను రెండో చేతిలోకి మార్చుకుంది.

వెండెల్ టోపీ తీసుకున్నాడు. “ఆపిల్ పై బాగుంది ఓపల్,” అన్నాడు. ఇంకా ముక్కైనా కొరకలేదు.

ఆయన బండి చప్పుడు దూరమయ్యాక అమ్మమ్మ అంది, “ఆ మనిషి అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.”

“నేనూ వినలేదు,” అన్నాడు తాత. “అందుకే ఒళ్ళు మండుతోంది.”

జరిగింది ఇదీ. అక్టోబరులో ఒక శనివారం తాత, అమ్మమ్మ పొరుగూళ్ళో పశువుల వేలానికి వెళ్ళారు. బీరువా తాళంచెవి పిండి డబ్బా వెనక ఉంటుందని జోలీన్‌కు తెలుసు. ఎన్నో ఆదివారాలు ఆ రివాల్వర్ బల్లచుట్టూ చేతులు మారుతుంటే ఆమె కెటిల్ పట్టుకుని వేచి ఉండేది. అది తన దాకా ఎప్పుడూ రాలేదు. అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. బళ్ళో కూడా అంతే. జవాబు తెలిసినా చెయ్యెత్తదు, పంతులమ్మ పేరు పిలిస్తే అరచేతులు తడిసిపోతాయి. ఆమె నోటు పుస్తకం అంచులు ఎప్పుడూ ఉబ్బి ఉండేవి. అమ్మమ్మ కుట్టు నేర్పబోతే సూదులన్నీ తుప్పు పట్టాయి. “ఈ మధ్య సూదులు కూడా నాసిరకానివి వస్తున్నాయి,” అని అమ్మమ్మ ఆ పాఠం ఆపేసింది.

ఆ శనివారం ఆమె మర్యాదలన్నీ పాటించింది. చక్రం తెరిచి ఖాళీయో కాదో చూసింది. పిడి పట్టుకుని ఎత్తింది. ఇనుప పెనమంత బరువు. గొట్టం ముందుకు వాలిపోతుంటే రెండో చేత్తో దాన్ని పట్టుకుంది. నడవాలోని అద్దం ముందు నిలబడి, “చూడండి, పళ్ళ డాక్టరుదట,” అని తాత గొంతుతో తనలో తనే అనుకుంది. ఇంతలో వాకిట్లో పికప్ బండి మలుపు తిరిగింది. తుడవడానికి గుడ్డ కనిపించలేదు. అలాగే పెట్టెలో పెట్టేసింది. ఆ రోజు డైరీలో, “ఇవాళ ఏమీ జరగలేదు,” అని రాసింది.

నవంబరు ఆదివారం తర్వాత కూడా బస్సు మామూలుగానే వచ్చింది. పొద్దున ఏడుంబావుకి దారి మొదట్లో ఆగేది. తలుపు రెక్కలు తెరుచుకునేవి. “ఎక్కమ్మా జో,” అనేవాడు వెండెల్. ఇదివరకు కూడా అదే మాట. ఆ మాట మానేసినా, ముఖం తిప్పుకున్నా ఆమెకు కాస్త ఊరటగా ఉండేదేమో. మానలేదు. సాయంత్రం చివరగా దిగేది ఆమే. అందరూ దిగిపోయాక ఐదు మైళ్ళ దూరం బస్సులో వాళ్ళిద్దరే. రోజూ ఆ ఐదు మైళ్ళలో చెప్పేయాలనుకునేది. నాలుగో మైలు దగ్గర పాడుబడిన ధాన్యపు గాదె వస్తుంది. అది దాటాక చెప్పాలనుకునేది. అది దాటేది. మాట దాటేది కాదు. మెట్ల పక్కనున్న ఇనుప కడ్డీకి ఆమె రోజూ పట్టుకునే చోట గోధుమరంగు పట్టీ ఒకటి లేచింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమె చెయ్యి కోటు జేబులోకి పోయేది.

తర్వాతి ఆదివారాలకు వెండెల్ రాలేదు. ఎవరూ ఆయన ఊసెత్తలేదు. ఆయన కుర్చీలో లెస్టర్ కోటు పెట్టుకునేవాడు.

ఫిబ్రవరిలో ఒక శనివారం జిల్లా కేంద్రంలో తుపాకుల ప్రదర్శన జరిగింది. తాత ఏటేటా అక్కడ ఒక బల్ల తీసుకుంటాడు. జోలీన్ సాయంగా వెళ్ళింది. పెద్ద రివాల్వర్‌ను తాత నాలుగు మచ్చల వైపు కిందికి పెట్టి ఉంచాడు. రెండోవైపు ఉన్న ఒక్క మచ్చ మీద పత్రం అంచు కప్పాడు. ఎవరు ఎత్తి చూపించమన్నా, “ఇవాళ కాదు,” అన్నాడు.

మధ్యాహ్నం వెండెల్ వచ్చాడు. గ్లౌజులు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో బల్ల ముందూ ఆగి చూస్తూ వస్తున్నాడు. పక్క బల్ల దగ్గర కూర్చున్న లెస్టర్ ఆయన్ని చూసి బల్లమీది గుడ్డ కొసను తన రివాల్వర్ల మీదికి లాగాడు.

“దుప్పట్లు కప్పుకోండర్రా, తుప్పొస్తోంది,” అన్నాడు.

నాలుగు బల్లల వాళ్ళు నవ్వారు. అవతలి బల్ల దగ్గరున్నవాడు మాత్రం నవ్వలేదు. నిజంగానే తన సరుకు మీద తువ్వాలు పరిచాడు. వెండెల్ ఆగిపోయాడు. పరాచికం అర్థమైనవాడిలా కొంచెం నవ్వాడు. కట్టుకున్న చేతులు విప్పకుండానే వెనక్కి తిరిగి బయటికి నడిచాడు. తాత బల్ల మీది రివాల్వర్‌ను సర్దాడు. అది అంతకుముందే సరిగ్గా ఉంది.

తిరిగొచ్చేటప్పుడు పికప్ బండి అద్దం మీద మంచు కొడుతోంది. ధాన్యపు గాదె కనిపించింది. “తాతా,” అంది జోలీన్. “అవి నా వేళ్ళు.”

ఆయనకు అర్థం కాలేదు. ఆమె ఊలు గ్లౌజు తీసి, తడిసిన అరచేయి తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

“ఎప్పుడు?”

“మీరు వేలానికి వెళ్ళినప్పుడు.”

“ఎందుకే?”

“అందరికీ ఇస్తావు. నాకెప్పుడూ ఇవ్వలేదు.”

“అడిగావా?”

“లేదు.”

ఆయన తిడతాడని ఆమె చూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని మంచులోకి చూస్తూ కూర్చున్నాడు. “కళ్ళజోడు పెట్టుకుని చూడమన్నాడు వాడు,” అన్నాడు. “నా జేబులోనే ఉంది.”

ఇంటి ముందు దిగేటప్పుడు మళ్ళీ అన్నాడు, “సోమవారం బస్సులో చెప్పు. వచ్చే ఆదివారం రమ్మన్నానని కూడా చెప్పు.”

“నువ్వూ రా తాతా.”

“నేను ఏ మొహం పెట్టుకుని రానే?”

సోమవారం సాయంత్రం గాదె దాటింది. జోలీన్ లేచి ముందుకు నడిచి డ్రైవరు వెనకనున్న సీటు పట్టుకుని నిలబడింది. దారి మొదట్లో బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె దిగలేదు.

“వెండెల్ తాతా, ఆ రివాల్వర్ ముట్టుకున్నది నేను.”

“తెలుసు,” అన్నాడు ఆయన, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. “ఆ రోజే తెలుసు.”

“మరి నువ్వెందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్తావేమోనని చూశాను.”

“భయమేసింది.”

“అవునమ్మా, వేస్తుంది. నీ చేతులు కూడా నా చేతుల్లాంటివే, దానికి నిన్నేమీ అనను. కానీ నవంబరు నుంచి ఈ మెట్లు రోజుకు రెండుసార్లు ఎక్కావు. నేను రోజుకు రెండుసార్లు చూశాను.”

“శనివారం తాతకి చెప్పాను. ఆదివారం నిన్ను రమ్మన్నాడు.”

“రమ్మన్నాడా.” ఆయన ఇంటివైపు చూశాడు. దారి ఆ చివర వాకిట్లో తాత నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. బస్సు వైపు ఒక్క అడుగూ వేయలేదు. “నీతో చెప్పి పంపాడా.”

“తాతకి సిగ్గుగా ఉంది.”

“ఉంటుంది.”

“మరి ఆయనకి ఏం చెప్పను?”

“నా తరఫున ఏమీ చెప్పొద్దు. దిగమ్మా జో. చలి లోపలికొస్తోంది.”

ఆమె దిగింది. కడ్డీ పట్టుకోకుండా దిగింది. మంచులో నిలబడి వెనక్కి తిరిగి, రేపు పొద్దున కూడా ఆగుతావా అని అడగబోయింది. గ్లౌజు తొడిగిన చెయ్యి తలుపు పిడిని లాగింది. రెండు రెక్కలూ ఆమె ముఖానికి జానెడు దూరంలో వచ్చి కలిసి మూసుకున్నాయి.