పిండిమిల్లు సెంటర్లో అడ్డం పట్టిన తాడు

నేను ఒక కొబ్బరి తాడును. అంబాజీపేట దగ్గర కాలవ గట్టున పుట్టాను. కొబ్బరి డొక్కలు నానబెట్టి, కొట్టి, పీచు తీసి ఇద్దరు ఆడవాళ్ళు నన్ను రాట్నం మీద పేనారు. పేనినంతసేపూ ఎవరిదో పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుకున్నారు. నేను దేనికి పనికొస్తానో వాళ్ళు ఆలోచించలేదు. కట్టడానికో లాగడానికో తప్ప తాడు ఇంకెందుకైనా పనికొస్తుందని నేనూ అనుకోలేదు.

కాకినాడ పిండిమిల్లు సెంటర్లో షామియానాలు అద్దెకిచ్చే మీరావలి నన్ను కొన్నాడు. పెళ్ళికీ చావుకీ నన్నే కట్టేవాడు. ముడి ఒకటే. కింద కూర్చున్నవాళ్ళ మాటలు కూడా పెద్దగా మారేవి కావు. భోజనాలు ఎప్పుడని రెండు చోట్లా అడిగేవారు.

వీరభద్రం పోయినప్పుడు వాళ్ళ ఇంటి ముందూ నన్నే కట్టారు. అతను మోటార్ల వైండింగ్ చేసేవాడు. ఇల్లు సెంటర్ వెనక సందులోనే. పొద్దున బండి మీద వెళుతూ సెంటర్లో ఎర్ర లైటు పడితే ఆగాడు. వెనక ఇసుక లారీ వస్తోంది. ముందున్నవాడు ఆగుతాడని లారీ డ్రైవరు అనుకోలేదు. ఆ సెంటర్లో ఎవరూ ఆగరు.

షామియానా కింద ఒకాయన పక్కాయనతో అన్నాడు: "రోడ్డు ఖాళీగానే ఉందంటండీ. ఆగడం దేనికి? చాదస్తం కాకపోతే."

వీరభద్రం భార్య అరుణకుమారి ఆ మాట వింది. 

దినం అయ్యాక ఆమె మీరావలి దుకాణానికి వచ్చింది.

"బాబాయ్ గారూ, మా అమ్మాయి తేజ కాలేజీకి ఆ రోడ్డు మీదే సైకిలేసుకెళ్ళాలి. అదీ వాళ్ళ నాన్న లాగే. లైటు పడితే ఆగిపోద్ది. దాని వెనకాలోళ్ళు కూడా ఆగాలండి. నాకంతే కావాలి."

"పోలీసులకి చెబుదామమ్మా."

"చెప్పానండి. అక్కడ నిలబెట్టడానికి మనుషుల్లేరంటున్నారు."

మీరావలి లేచాడు. గోడ మేకుకు ఉన్న నన్ను తీశాడు.

మర్నాటి నుంచి కాలేజీ వేళల్లో సెంటర్లో రోడ్డుకు అడ్డంగా నా ఒక కొస అతను, ఇంకో కొస ఆమె పట్టుకున్నారు. మధ్యలో ఎర్ర గుడ్డలు కట్టారు. ఎర్ర లైటు పడితే నడుం ఎత్తుకు లేపేవారు. పచ్చ లైటు పడితే రోడ్డు మీదికి దించేవారు.

మొదటిరోజు ఒక ఆటో అతను తల బయటపెట్టి, "ఏ దేవుడికండీ చందా? చవితింకా రాలేదు కదా?" అన్నాడు. పది రూపాయల నోటు నా మీదికి విసిరాడు. "రసీదొద్దులెండి, దారివ్వండి."

"చందా కాదు నాయనా. లైటు చూడు," అంది అరుణ.

"ఆయ్! లైటుక్కూడా చందా ఎత్తుతున్నారా?"

వెనకున్న ఆటోలో జనం నవ్వారు. కానీ అందరూ ఆగారు. తేజ సైకిల్ గీత వెనక ఆగింది. దాని వెనక వ్యాను ఆగింది. అరుణ ఆ వ్యాను వైపే చూసింది.

కొన్నాళ్ళకు కాలనీవాళ్ళు కమిటీ వేశారు. పొద్దున నడకకు వచ్చేవాళ్ళు, డ్వాక్రా ఆడవాళ్ళు వంతులు వేసుకుని నన్ను పట్టుకున్నారు. పేపర్లో ఫొటో పడింది. బళ్ళు దూరం నుంచే నెమ్మదించేవి. డ్రైవర్లు నన్ను చూసేవారు. నేను పైకి ఉంటే ఆగేవారు, కింద ఉంటే వెళ్ళేవారు. లైటు వాళ్ళ తలల మీదే ఉంది. దాని వైపు తల ఎత్తినవాణ్ణి నేను చూడలేదు. ఒకరోజు కరెంటు పోయి లైట్లు ఆరిపోయాయి. నన్ను లేపితే అప్పుడూ ఆగారు. కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టారు.

"మనం లేనప్పుడో?" అన్నాడు మీరావలి.

"అలవాటైపోద్దిలెండి బాబాయ్," అంది అరుణ.

రోడ్డు భద్రతా వారోత్సవాల్లో కమిటీకి సన్మానం అన్నారు. సభ సాయంత్రం, కాలేజీ వదిలే వేళ. ఒక్క పూటే కదా అనుకున్నారు. తాడును కూడా వేదిక మీద పెట్టాలన్నారు. నాకు దండ వేశారు. ముఖ్య అతిథి కారు ఎక్కడా ఆగకుండా వచ్చిందని ఒకాయన మైకులో ఆనందం వెలిబుచ్చాడు. అరుణకు శాలువా కప్పారు. ఫొటో కోసం నా కొస ఆమె చేతికిచ్చారు. అప్పుడు మీరావలి ఫోను మోగింది.

తేజ ఎర్ర లైటు దగ్గర ఆగింది. వెనక పాల వ్యాను ఆగలేదు. డ్రైవరు పోలీసులకు ఉన్నదే చెప్పాడు: "రోజూ తాడుంటే ఆగుతానండి. ఇయ్యాల తాడు లేదు కదా అని వచ్చేశాను."

అరుణ శాలువాతో, చేతిలో నాతో ఆస్పత్రికి పరిగెత్తింది. తేజ బతికింది. కుడి తొడ ఎముక మూడు చోట్ల విరిగింది.

"అమ్మా, లైటు ఎర్రగానే ఉందే. నేను గీత కూడా దాటలేదు."

"తెలుసమ్మా."

"మరి ఆయనెందుకాగలేదే?"

అరుణ శాలువా తీసి కూతురి కాళ్ళ మీద కప్పింది.

కమిటీ ఒకసారి సమావేశమైంది. కెమెరాలు పెట్టించాలన్నారు. వినతిపత్రం ఇచ్చారు. తరవాత ఒక్కొక్కరే రావడం మానేశారు. మీరావలి అరుణ ఇంటికి వెళ్ళి, మళ్ళీ తాడు పడదాం రమ్మన్నాడు.

"ఎన్నాళ్ళు పడతాం బాబాయ్? మనం చెయ్యి వదిలిన పూట ఎవరో ఒకరు పడిపోతారు. అలవాటు చేసింది మనమే కదండీ."

అతను కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. నన్ను తీసుకెళ్ళలేదు. అరుణ నన్ను పెరట్లో రెండు మేకులకు కట్టింది. ఇప్పుడు నేను దండేన్ని. ఎర్ర గుడ్డలు విప్పి మసిగుడ్డల్లో వేసింది.

తేజ ఇక సైకిల్ తొక్కలేదు. మేనమామ పాత స్కూటీ ఇచ్చాడు. కాలేజీకి మళ్ళీ బయలుదేరిన రోజు అరుణ బకెట్ పట్టుకుని దండెం దగ్గర ఉంది. తేజ కుంటుతూ బండి దగ్గరికి వెళ్ళింది.

"ఇలా చూడవే. సెంటర్లో అందరూ ఆగితే ఆగు. ఎవరూ ఆగకపోతే నువ్వూ ఆగకు. లైటు చూడకు. అద్దంలో వెనకాల ఎవరొస్తున్నారో చూసుకో, పోతూనే ఉండు."

తేజ తల్లి వైపు చూసింది. "నాన్న ఎప్పుడూ అలా..."

"మీ నాన్న ఆగారు."

తేజ బండి తీసింది. అరుణ చీర పిండి నా మీద ఆరేసింది. రెండో చీర తియ్యలేదు. బండి చప్పుడు సందు దాటి సెంటర్ వైపు పోయేదాకా నిలబడింది. హారన్లు వినిపించాయి. బ్రేకు చప్పుడు ఒక్కటీ వినిపించలేదు. అప్పుడు ఆమె రెండో చీర తీసింది.