దారి చెప్పే సీటు

ఇరవై ఏళ్ళుగా ఆ జీపు ఆయనదే. అయినా దాని ఎడమ సీట్లో ఆయన ఒక్కసారైనా కూర్చున్నది లేదు. ఆ అవసరం రాలేదు. స్టీరింగ్ ముందు ఆయన, పక్కన దారి చెబుతూ భార్య. వానలు పడే రోజుల్లో నెలకో ఆదివారం ఊరి బయట పాత ఇటుకబట్టీల నేలకు వెళ్ళడం, అక్కడి గుంటల్లో, మట్టిదిబ్బల మీద జీపు నడిపి, ఒళ్ళంతా మట్టిపెళ్ళలతో ఇంటికి రావడం, ఇదీ వాళ్ళ సరదా. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునే మనిషి, వారమంతా అచ్చుతప్పులు తప్ప ఇంకో తప్పు ఎరగని మనిషి, ఆదివారం వచ్చేసరికి బురదలో దున్నపోతులా దొర్లుతాడేమిటని బంధువులు నవ్వేవారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వి, "మా ఆవిడకి బురదంటే ప్రాణం" అని నెపం ఆవిడ మీదికి నెట్టేవాడు.

ఆవిడ పోయి పధ్నాలుగు నెలలైంది. నెపం మాత్రం ఆయన నోట్లో అలాగే మిగిలిపోయింది.

మూడు వారాల కింద పక్కింటాయన వచ్చి కూర్చుంటే, మాటల మధ్యలో ఈయన ఆ పాత మాటే మళ్ళీ అన్నాడు. పక్కింటాయన వెళ్ళాక కూతురు గ్లాసులు తీస్తూ, కోపం లేకుండానే, నాన్న వైపు చూడకుండా అంది.

"అమ్మకి బురదంటే ప్రాణమని నీకెవరు చెప్పారు నాన్నా? ఆ బట్టలు పిండుతూ కుళాయి దగ్గర కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఒకసారి కాదు."

"మరి ఎందుకొచ్చేది?"

"నువ్వొక్కడివే పోతావని."

పుస్తకం అచ్చయి, బైండింగయి, బజారుకు వెళ్ళిపోయాక మొదటి పేజీలోనే తప్పు కనబడితే ప్రూఫ్ రీడరుకు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఇది అంతకంటే పెద్దది. పంతొమ్మిదేళ్ళ ఆదివారాలు. తను సంతోషమనుకున్నదంతా ఆమె పంటిబిగువున భరించినదైతే, ఆ జ్ఞాపకాలన్నిటికీ కొత్త అర్థం రాసుకోవాలి. అడుగుదామంటే ఆమె లేదు. రెండు రాత్రులు ఆలోచించి, ఆయనొక నిర్ణయానికి వచ్చాడు. ఆమె కూర్చున్న చోట కూర్చోవాలి. అక్కడినుంచి ఏం కనిపిస్తుందో చూడాలి.

ఎలాగూ ఇక నడపలేడు. కుడికంటికి పక్కచూపు పోయింది. స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. అందుకని కూతురిని అడిగాడు. కూతురిది డ్రైవింగ్ స్కూల్లో నేర్పే ఉద్యోగం. రోజూ పక్క సీట్లో కూర్చుని, అక్కడుండే రెండో బ్రేకుతో ఇతరుల పొరపాట్లు తొక్కిపట్టడమే ఆమె పని. ఆమె కాసేపు ఆలోచించి, ఎందుకని అడగకుండా సరేనంది. అడగకపోవడం కూడా ఒక దయేనని ఆయన అనుకున్నాడు.

బయల్దేరే ముందు ఒక్క మాట దగ్గర ఇద్దరికీ కుదరలేదు. దారి చెప్పేటప్పుడు లెఫ్టు, రైటు అంటే చాలదా అని కూతురు. అక్కడ ఆ మాటలు తనకు రావని నాన్న. వాళ్ళావిడకు గాభరాలో కుడి ఎడమలు తెలిసేవి కావు. అందుకని మొదటి ఏడాదే ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆమె తన పక్కకు తిప్పమనాలంటే "నా వైపు" అనేది. ఆయన పక్కకైతే "మీ వైపు" అనేది. విన్నట్టు గుర్తుగా ఆయన తిరిగి చెప్పేవాడు. ఆమె "మీ వైపు" అంటే ఆయన "నా వైపు" అని అటు తిప్పేవాడు. ఇంజను మోతలో కూడా ఆ రెండు మాటలూ పొరపాటు పడింది లేదు. "సరే, మీ భాషే మాట్లాడుకుందాం" అంది కూతురు. ఇంట్లో రెండు కుర్చీలు పక్కపక్కన వేసుకుని కాస్త సాధన కూడా చేశారు. కుర్చీల మీద బాగానే వచ్చింది.

ఆ నేల మీద జీపులు నడిపేవాళ్ళ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. నడిచినవాడు నడపడు, నడిపేవాడు నడవడు. అంటే పొద్దున్నే దారంతా కాలినడకన చూసివచ్చేది పక్క సీటు మనిషి. ఆ వేళకు డ్రైవర్లంతా రేకుల షెడ్డులో టీ తాగుతూ కూర్చోవాలి. దారి ముందే చూస్తే డ్రైవరు కళ్ళు అక్కడే అతుక్కుపోతాయని, పక్క మనిషి మాట వినడని పెద్దల వాదన. కాబట్టి పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆ నేల మీద కాలు పెట్టి నడిచింది లేదు. ఆమె నడిచి వచ్చేది. చెప్పులకు అంటిన మట్టి షెడ్డు గుమ్మం దగ్గర గీరుకుని, "పదండి" అనేది. అంతే.

ఆవేళ ఆయన నడిచాడు. వెంట గొలుసు మామ ఉన్నాడు. బురదలో దిగబడ్డ బళ్ళను ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగే ముసలాయన అతను. ఆ పేరు తప్ప వేరే పేరున్నట్టు ఎవరికీ గుర్తులేదు. గొలుసు మామ ఏమీ చెప్పకుండానే ఆయనకు ఎడమ పక్కన, కన్ను కనిపించే పక్కన నడిచాడు. సన్నటి తుంపర పడుతోంది. తడిసిన బంకమట్టి కాళ్ళకు పట్టుకుని వదలడం లేదు.

పెద్ద గుంట దగ్గర మామ ఆగాడు. ఆ గుంటను ఆయన మర్చిపోతే కదా. బట్టీవాళ్ళు మట్టి తవ్వి వదిలేసిన గొయ్యి, నడుములోతు బురద. ప్రతి ఏడూ దారి మారుతుంది, గుంట మాత్రం మారదు. దాన్ని తలుచుకుని ఆయన శనివారం నుంచే విసుక్కునేవాడు.

"ఇది గుంట, అది దొడ్డిదారి" అన్నాడు మామ, కుడివైపు మట్టికట్ట మధ్యలో రెల్లు కప్పేసిన సందు చూపించి. సందు వెనక గట్టినేల, గుంట చుట్టూ తిరిగి అవతలకు చేరుతోంది. ఎక్కడ తిరగాలో నడిచి చూసినవాళ్ళకే తెలిసేలా రెల్లు మొదట్లో రెండు తెల్లరాళ్ళు పెట్టి ఉన్నాయి.

ఆయన ఆ రాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. దారిలో అక్కడక్కడా సుళువు మార్గాలుంటాయని ఆయనకూ తెలుసు. ఎక్కడెక్కడో దారి చెప్పేవాళ్ళకే ఎరుక. తన భార్య అలాంటివి వెతికి వెతికి తనను నడిపిస్తోందని, అందుకే ఎన్నడూ బండి బోల్తా పడలేదని ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు. ఈ గుంటకు మాత్రం వేరే దారి లేదనుకున్నాడు.

"ఇది కొత్తగా వేశారా?"

"ఎక్కడ కొత్త. మొదటినుంచీ ఉన్నదే." మామ బీడీ తీసి, తుంపర చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మీ ఇంటావిడ ఇక్కడే నిలబడేది. ఇటు చూసేది, అటు చూసేది. ఓసారి నేనే ఉండబట్టలేక, అమ్మా, ఆ సందులోంచి పోండి, బట్టలైనా మిగులుతాయని చెప్పా. చూద్దాంలే మామా అంది. ఆ పూట కూడా గుంటే."

"భయపడేదా?"

"భయంలేని మనిషైతే ఆ సీట్లో నేనే కూర్చోనివ్వను."

తిరిగి వచ్చి, షెడ్డు గుమ్మం దగ్గర ఆయన చెప్పుల మట్టి గీరుకున్నాడు. కూతురు ఇచ్చిన టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. దొడ్డిదారి సంగతి డ్రైవరుకు చెప్పకూడదు, ఆయన చెప్పలేదు. కానీ ఒకటి మాత్రం మనసులో ఖాయం చేసుకున్నాడు. కూతురిని ఆ గుంటలోకి దించేది లేదు.

జీపు కదిలింది. ఎడమ సీటు నుంచి లోకం వేరుగా ఉంది. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడికి ముందున్న బానెట్టూ దాని అవతలి మట్టీ కనిపిస్తాయి. ఇక్కడ కూర్చుంటే తన చక్రం పక్కనే నేల విరిగి కిందికి పోవడం కనిపిస్తుంది. పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ తప్ప చేతికి పని లేదు. కూతురు ఆయన చూపులేని పక్కన ఉంది. అందుకేనేమో ఏదో ఒకటి పలుకుతూనే ఉంది. "నేనున్నాను, ఇంజను బానే ఉంది, చెప్పు." మొదటి దిబ్బ ఎక్కారు, దిగారు. "నీ వైపు" అన్నాడు ఆయన. "నా వైపు" అని ఆమె తిప్పింది. దిగుడులో ఆయన కుడికాలు తనంతట తానే నేలరేకును తొక్కింది.

"అక్కడ బ్రేకు లేదు నాన్నా. అది మా స్కూలు కారులోనే."

"తెలుసు."

"తెలిసే తొక్కుతున్నావా?"

ఆయన జవాబు చెప్పేలోగా పెద్ద గుంట వచ్చేసింది. ఎడమకు దిగుడు, కుడివైపు మట్టికట్ట. తెల్లరాళ్ళు రెండూ వానకు కడిగినట్టు మెరుస్తున్నాయి. సందు కూతురి పక్కన ఉంది. డ్రైవరు పక్కన. పంతొమ్మిదేళ్ళు జీపు ఆ పక్కకు తిరిగినప్పుడల్లా ఆయన నోరు పలికింది ఒక్కటే మాట. గాభరాలో ఆ నోరు మనిషి చోటు మారిన సంగతి మరిచిపోయింది.

"నా వైపు. నా వైపు."

"నీ వైపు" అంది కూతురు, బుద్ధిగా ఎడమకు తిప్పింది.

ముందు చక్రాలు జారాయి. ఆకాశం కాస్త పైకి పోయింది. బురద బానెట్టు మీదికి వచ్చి అద్దాన్ని కప్పేసి, ఆయన తలుపు సందుల్లోంచి చల్లగా ఒడిలోకి దిగింది. కూతురు ఇంజను ఆపకుండా, చక్రాలను అటూ ఇటూ ఆడిస్తూ సగందాకా లాగింది. తర్వాత బండి ఆయన పక్కకు ఒరిగి నిలబడిపోయింది. దూరంగా ట్రాక్టరు స్టార్టయిన చప్పుడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. నీకు?"

"లేదు." ఆమె మొహం తుడుచుకుంది. "నువ్వు నా వైపు అన్నావు. నేను సరిగ్గానే విన్నాను కదా."

ఆయన ఒళ్ళంతా తిప్పి కూతురి వైపు చూశాడు. అలా తిరిగితే తప్ప ఆమె కనపడదు. కట్టుబాటు ఎలా ఉన్నా, ఇక దాచి లాభం లేదని సందు సంగతి, రాళ్ళ సంగతి చెప్పేశాడు. నిన్ను అటు పంపుదామనుకున్నాను, పాత అలవాటు నోట్లోంచి వచ్చిందన్నాడు.

కూతురు కట్టవైపు చూసింది. అటునుంచి చూస్తే వట్టి రెల్లు. "అమ్మకి ఇది తెలుసా?"

"తెలుసు. ప్రతిసారీ ఇక్కడ నిలబడి చూసేదట."

"మరి ప్రతిసారీ గుంటలోకే?" ఆమె మళ్ళీ అంది, జాలిగా. "నీకు గుంటంటే ఇష్టమని తీసుకెళ్ళిందేమో నాన్నా."

ఆ మాట ఆయన నడుస్తూ కూడా అనుకున్నదే. ఆ అనుమానంతోనే బండి ఎక్కాడు. ఒరిగిన బండిలో, ఒడిలో బురదతో కూర్చుంటే అదిప్పుడు తేటగా విడిపోయింది.

"నాకా? ఇది నాకు ఎన్నడు ఇష్టం? ఇంటికెళ్ళి ఈ గుంటను తిట్టని రోజు లేదు. అన్నం ముందు కూర్చుని తిట్టేవాణ్ణి. దీన్ని పూడ్చిపెడితే పీడ పోతుందనేవాణ్ణి."

కూతురు ఆలోచించింది. అవును, ఆ తిట్లు ఆమె చిన్నప్పటినుంచీ విన్నవే. నాన్న గుంటను తిడుతూంటే అమ్మ మజ్జిగ పోస్తూ ఏమీ అనేది కాదు. పాపం అని కూడా అనేది కాదు.

"అంటే నువ్వు వద్దంటున్నా..."

"వద్దంటున్నా తిప్పించింది. నా వైపు, నా వైపు అని. ఇక్కడ కూర్చుంటే తెలుస్తోంది. బండి వచ్చి ఇక్కడ ఆగుతుంది, పక్కవాడి చేతులు నీ మాట కోసం చూస్తుంటాయి. ఒక్క క్షణం. ఇంకొకరి కోసం లెక్కలు వేసుకునే తీరిక ఉండదు. లోపల ఏముందో అదే నోటికొస్తుంది. నాకు భయమొచ్చింది, సందు చూశాను. ఆమె సందు చూసీ వదిలేసింది."

అద్దం మీది బురద మెల్లగా జారుతోంది. కూతురు అడిగింది. "మరి బట్టలు పిండుతూ ఎందుకు ఏడ్చింది?"

ఆయన ఆ ఆదివారాలను వెనక్కి తిప్పి చూశాడు. వెతికితే ఉన్నది ఒక్కటే. ఆ పంతొమ్మిదేళ్ళలో ఆ బట్టలు తను ఒక్కసారైనా కుళాయి దగ్గరికి మోసింది లేదు. ఆదివారం సాయంత్రం స్నానం చేసి, ప్రూఫులు ముందేసుకుని కూర్చునేవాడు. కుళాయి చప్పుడు వినిపించేది. వినిపించిందని ఇప్పుడు గుర్తొస్తోంది.

"బురద ఆమెదే" అన్నాడు. "చాకిరీ నేను నెత్తిన పెట్టింది. రెండిటినీ కలిపి ఒకటే అనుకున్నాను. నువ్వూ అలాగే అనుకున్నావు."

"అన్నిసార్లూ ఇష్టంగానే వచ్చిందంటావా?"

అవునని చెప్పాలని ఆయనకు ఎంతో ఉంది. కానీ ఉన్నదాన్ని ఉన్నట్టు చదవడమే ఆయన జీవితమంతా చేసిన పని. "అన్నిసార్లూ కాకపోవచ్చు" అన్నాడు. అన్నాక, మూడు వారాలుగా గుండెలమీద ఉన్న బరువు పూర్తిగా పోలేదు గాని, మోయగలిగినంతకు తగ్గింది.

గొలుసు మామ గట్టు మీద ట్రాక్టరు ఆపి, బురదలోకి దిగి, కొక్కెం తగిలించాడు. లోపలికి తొంగిచూసి ఇద్దరి మొహాలూ పరకాయించాడు. వాళ్ళు నవ్వుతున్నారో ఏడుస్తున్నారో అతనికి తెలియనట్టుంది. బయటికి లాగాక ఎటు దింపాలో మాత్రం అడిగాడు. వెనక్కి షెడ్డు దారిలోనా, ముందుకా? ముందింకా రాళ్ళ ఏటవాలు ఉంది, జారుడు కట్ట ఉంది. దొడ్డిదారులూ ఉన్నాయని చెప్పడానికి నోరు తెరిచి, డ్రైవరు సీటువైపు చూసి, మూసేశాడు.

కూతురు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకు చూస్తూ, ఆయన మాట కోసం కూర్చుంది.

"ముందుకే మామా" అన్నాడు ఆయన.

గొలుసు బిగుసుకుంది.