ఇస్త్రీ బల్ల మీద రాసిన కథ

చొక్కాకి ముందు కాలరు చేయాలి, అదీ లోపలి వైపు నుంచి. తర్వాత భుజాలు, చేతులు, ఆఖర్న వీపు. ఈ వరస తప్పితే చేసినచోటే మళ్లీ ముడతలు పడతాయి. పదహారేళ్లుగా వారానికి ఆరు చొక్కాలు చేస్తున్నదాన్ని, ఈ విషయంలో నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. అయినా మా ఆయన చొక్కా ఎత్తి పట్టుకుని, "కుడిచేతి మీద రెండు గీతలు పడ్డాయి, చూసుకో" అంటారు. తొడుక్కునేది ఆయన, చూసుకోవలసింది నేను.

ముప్ఫై ఎనిమిదో ఏట ఇంగ్లీషు బి.ఏ.లో చేరాను. "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నారు అత్తయ్య. మా ఆయన మాత్రం, "చేరనీ అమ్మా, నా ఆఫీసు ఉత్తరాలకి పనికొస్తుంది" అన్నారు. అలా ఆ ఉత్తరాల పుణ్యాన నాకు కాలేజీ దక్కింది. మొదట్లో ఆయన రాసినవి సాపు చేసేదాన్ని. ఏడాది తిరక్కుండానే పొయ్యి మీద పాలకి ఒక కన్ను కాపలా పెట్టి మొత్తం ఉత్తరం నేనే రాయడం మొదలైంది. ఆఫీసులో ఆయనకి ఇంగ్లీషులో దిట్ట అని పేరొచ్చింది.

క్లాసులో అందరూ నా వయసులో సగం ఉన్న పిల్లలు. మొదట "ఆంటీ" అన్నారు, నోట్సు అవసరం పడ్డాక "అక్కా" అన్నారు. రచన క్లాసు చెప్పే మేడమ్ నా మొదటి వ్యాసం తిరిగిస్తూ, "ఇది ఎవరో ఆఫీసరు రాసినట్టుంది. మీరు రాసింది తీసుకురండి" అన్నారు. ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఇస్త్రీ బల్ల మీద, ఒక చొక్కాకీ ఇంకో చొక్కాకీ మధ్య, ఆయన పారేసిన ఆఫీసు కాగితాల వెనకవైపు రాశాను. ఒక ఆవిడ, ఆరు చొక్కాలు, ఆ చొక్కాల్లో బయటికెళ్లి గౌరవం సంపాదించుకునే ఒక మనిషి. ఆఖర్న ఆవిడ ఆరో చొక్కాని ముడతలతోనే వదిలేస్తుంది. ఈ నాలుగు పేజీలు కుదరడానికి తొమ్మిదిసార్లు తిరగరాశాను.

సాపు ప్రతి బల్ల మీద ఉంటే మా ఆయన చదివారు. "బాగానే రాశావే" అన్నారు. పదహారేళ్లలో అది మొదటి మెప్పు. సిగ్గులేకుండా రోజంతా పొంగిపోయాను.

నెల తర్వాత వాళ్ల ఆఫీసు పత్రిక వచ్చింది. అందులో నా కథ, పైన ఆయన ఫొటో. నేను 'ఆవిడ' అన్న ప్రతిచోటా 'నా భార్య' అని ఉంది. ఆరో చొక్కా కూడా చక్కగా ఇస్త్రీ అయిపోయింది, భార్య నవ్వుతూ అందిస్తోంది. ఆ ఆదివారం ఆయన స్నేహితులు ముగ్గురు ఇంటికొచ్చారు. "పెళ్లాం కష్టాన్ని ఇంతలా గమనించే మగాడు ఎక్కడుంటాడండీ" అన్నాడొకాయన నాతో, నా చేతిలోంచి టీ అందుకుంటూ. మా ఆయన తలొంచుకుని, "ఏదో, మనసుకి తోచింది రాశాను" అన్నారు. వాళ్లు వెళ్లాక నిలదీశాను. "మొగుడూ పెళ్లాల మధ్య నీదేంటి, నాదేంటి?" అన్నారు. మరి ఆఫీసు నుంచి తెచ్చుకునే మర్యాద మాత్రం ఎప్పుడూ ఆయనదే.

అక్కడితో ఆగినా నేను నోరు మూసుకునేదాన్నేమో. అప్పటికే కథని నా పేరుతో క్లాసులో ఇచ్చేశాను. ఆయనేమో, నేనెవరి భార్యనో కాలేజీవాళ్లకి తెలియాలని, నాకు చెప్పకుండా ఆ పత్రిక ఒకటి పట్టుకెళ్లి ఇంగ్లీషు విభాగానికి కానుకగా ఇచ్చొచ్చారు.

మేడమ్ నన్ను పిలిచి రెండిటినీ పక్కపక్కన పెట్టారు. "మీవారి కథ తీసుకుని మీదని ఇచ్చారా?" అని నెమ్మదిగా అడిగారు. తిట్టినా బాగుండేది. మంగళవారం లోగా వివరణ రాసివ్వాలి, కాపీ అని తేలితే వచ్చే ఏడాది రచన క్లాసులో నాకు చోటుండదు. అది నాదేనండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఇంటిగుట్టు బయటపెట్టకూడదని చిన్నప్పట్నుంచీ నూరిపోసిన బుద్ధి నా గొంతు మీద కూర్చుంది. తలూపి వచ్చేశాను. దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంట్లో చెప్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కాపీ కొట్టానని ఒప్పేసుకో. నువ్వు స్టూడెంటువి, నీకేం పోతుంది? నేను ఆఫీసులో తలెత్తుకు తిరగొద్దూ?"

"మగాడి పరువు పోయాక ఆడదానికి మిగిలేదేముందే?" అన్నారు అత్తయ్య.

ఆయన వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "క్షమాపణ కాస్త పద్ధతిగా రాయి. ఇంగ్లీషులో నీకు మంచి మాటలు పడతాయి" అన్నారు.

నన్ను దొంగని చేసే కాగితం కూడా నేనే రాయాలి. అదీ తప్పుల్లేకుండా, చదివినవాళ్లు మెచ్చుకునేలా. ఈ మనిషికి నా కోపం కనపడదని కాదు, దానికి విలువ లేదని ధీమా. నేను అలుగుతాను, అన్నం మానేస్తాను, మర్నాడు పొద్దున్నే చొక్కా అందిస్తాను. పదహారేళ్లుగా ఆ ధీమా పెంచింది ఎవరు? నేనే. ఆ ఉత్తరాలన్నిటి కింద ఆయన సంతకం కోసం జాగా వదిలిన చెయ్యి నాదే. ఆయన మీద ఎంత మండిందో నా మీద అంతకు రెట్టింపు మండింది. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని ఒక్క పేజీ రాశాను, తిరగరాయాల్సిన అవసరం రాలేదు.

సోమవారం సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూ, "రాశావా?" అన్నారు. కాగితం చేతికిచ్చాను. చదవకుండానే, అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీశారు, ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నట్టు.

"సంతకం అక్కర్లేదు, చదవండి" అన్నాను.

చదివారు. కథ నాదని, ఎవరి కాగితాల వెనక ఎప్పుడు రాశానో తెలిసేలా ఆ తొమ్మిది చిత్తుప్రతులూ జతచేశానని, ఆఫీసు పత్రికలో అచ్చయింది నా అనుమతి లేకుండానేనని ఉంది అందులో. ఆయన మొహం నల్లబడింది.

"చించెయ్ దీన్ని."

"చించుకోండి. అది మీ కోసం రాసిన ప్రతి. అసలుదీ, చిత్తుప్రతులూ పొద్దున్నే మేడమ్‌కి ఇచ్చొచ్చాను."

లోపల్నుంచి అత్తయ్య, "ఏమైందిరా?" అన్నారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. గొంతు తగ్గించి, పక్కగదిలోకి వినపడకుండా అన్నారు: "ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలి? ఏదో ఒకటి రాసివ్వు."

"ఈసారి మీరే రాసుకోండి" అన్నాను.