ఉట్టి మీది కుండ

రెడ్డెమ్మ రెండో కోడి ఈకలు పీకుతూ ఉంది. వేడినీళ్లలో ముంచిన ఈకల కంపు గొంతుదాకా వచ్చి కొట్టింది. పద్దెనిమిదేళ్లుగా పుంగనూరులో ఊరి పెద్ద చెంగల్రాయుడి ఇంట్లో వంట చేస్తున్నా ఆ కంపు మాత్రం ఆమెకు అలవాటు కాలేదు. గోళ్ల సందుల్లో పసుపూ కొవ్వూ పేరుకుని, తన అన్నం తాను ఆ చేత్తో కలుపుకోబుద్ధయ్యేది కాదు. అందుకే చెంచాతో తినేది. దొరసాని అని నలుగురూ నవ్వేవారు.

ఆ ఇంటికి ఏ వేళ జీపు వస్తుందో, అందులోంచి ఎందరు దిగుతారో దేవుడికే తెలియాలి. అందుకని పొద్దున్నే కోడిముక్కలకు ఉప్పు, పసుపు, కారం, తెల్లగడ్డ ముద్ద పట్టించి, శనగనూనెలో సగం వేయించి, కుండకెత్తి పెరటి వసారాలో ఉట్టి మీద పెట్టేది. ఇద్దరొస్తే వేపుడు, పదిమందొస్తే నీళ్లు పోసి పులుసు. మెక్కినవాళ్లు ఎంగిలి చేతులు తిన్నె స్తంభానికే రాసి పోయేవారు. ఆ జిడ్డూ ఆమే కడగాలి. మొగుడు పోయిన నాడు కూడా పులుసు మరిగేదాకా ఆమెను కదలనివ్వలేదు. ఇల్లు చేరేసరికి పాడె లేచిపోయింది. అది తలుచుకుంటే ఆ ఇంటివాళ్ల మీద కంటే తన మీదే ఆమెకు ఎక్కువ రోత.

నిన్న కుప్పం నుంచి కబురొచ్చింది. చెల్లెలు బయ్యమ్మ నేడో రేపో అన్నట్టుందట. ఇవాళ రెండు గంటల బస్సుకు పోతానంటే ఇంటి యజమానురాలు సరోజమ్మ ఊ అంది. కోడి సిద్ధం చేసి పెడితే తానే దించి వండుకుంటానంది.

కుండ ఉట్టి మీద పెట్టి చేతులు కడుక్కుంటుండగా వీధిలో జీపు ఆగింది. సరోజమ్మ తడితలకు గుడ్డ చుట్టుకుని, ముక్కుకు పైట అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది.

“ఈ పొద్దు సుక్కురారం గదనే! తలకు పోసుకోనుండాను. ఆ కుండ నేనెట్ల తాకేది? ఈ పూట వండేసి, రేప్పొద్దున పో.”

నిన్న మాట అనుకున్నప్పుడు ఇద్దరికీ వారం గుర్తు రాలేదు. రోజూ కోడి కోసే మనిషికి ఏ వారమైనా ఒకటే.

“రేపటికి నా సెల్లెలుంటాదో లేదో తల్లీ.”

“ఆరుమంది వచ్చుండారే! వాళ్లకెవురు పెడతారు?”

రెడ్డెమ్మ పచ్చబడ్డ తన చేతులకేసి చూసుకుంది.

“ఒకసారి పులుసు కాడ నిలబడి మొగుడి మొగం సూడకుండా పోయినాను. అది సాలు. దినామూ వెచ్చజేస్తే కోడి మూడు దినాలుంటాది. నేను పోతాండానమ్మా.”

బస్సు దొరికింది. కుప్పంలో బయ్యమ్మ కళ్లు తెరిచి, అక్క చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకుని, “కోడికంపు కొడతాండావక్కా” అని నవ్వింది. పొద్దు గుంకేలోపే పోయింది. రెడ్డెమ్మ మళ్లీ పుంగనూరు తిరిగి రాలేదు.

శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకటేశ్వరస్వామిది. సరోజమ్మ ఆ రెండు రోజులూ వసారా వైపే పోలేదు. కుండ దించడం ఆడవాళ్ల పని అనుకునే మగవాళ్లు హోటలు నుంచి తెప్పించుకుని తిన్నారు. పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిది నాటి ఎండలు, మామూలు ఎండలు కావు. ఆదివారం తాకడానికి అడ్డం ఏమీ లేదు గానీ, అప్పటికి ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. ఉట్టి తాడు వెంట చీమలు బారులు కట్టి దిగుతుంటే, రెడ్డెమ్మ కుండ మూతికి వాసెన కట్టిన గుడ్డ మీద ఈగలు ముసురుతుంటే, ఆ కుండ గాలికి మెల్లగా ఊగుతూనే ఉంది.