పదీ పది

"మోడెం, రౌటర్ రెండూ పాతబడిపోనాయి మావా, మార్సీ," అని కేబుల్ శ్యాంసుందర్ రెండుసార్లు చెప్పాడు. ఇంటి కెమెరా బొమ్మ ఫోన్లో వస్తుండగా మార్చడం దండగని నా లెక్క.

డయాలసిస్ మర్నాడు నా భార్య దమయంతికి నీరసం. పలాసలోని నా జీడిపప్పు దుకాణం నుంచి, కాశీబుగ్గ ఇంట్లోని కెమెరాను ఫోన్లో చూస్తుంటాను. ఆ రోజు మంచం మీద కూర్చుని కనిపించింది. ధైర్యంగా బేరాలు సాగించాను. మళ్లీ చూస్తే ఆమె వెనక గోడ గడియారంలో పదీ పది, దుకాణంలో పదకొండున్నర. అది నెట్ ఆగి, గంటా ఇరవై నిమిషాల కిందట నిలిచిపోయిన బొమ్మ.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి మీద ఇంటికి ఉరికాను. తాళంచెవి దూర్చబోయాను.

తలుపు ఆమే తీసింది. "ఏటి బావా, అలా సెమట కారిపోతంది? తానానికెల్లాను."

అక్కడినుంచే శ్యాంసుందర్‌కి ఫోన్ చేసి కొత్తవి తెమ్మన్నాను. కానీ ఇన్నాళ్లూ నేను నిశ్చింతగా చూసినవాటిలో ఎన్ని పాత బొమ్మలో?